షంటింగ్‌కి రెండు మూడు చిన్న ఇంజిన్ల లోకో: పాత ఆల్కో తీసి ఇది పెట్టుకోవచ్చా?

చీపురుపల్లి సైడింగ్

అందరికీ నమస్కారం. చీపురుపల్లి దగ్గర ఫెర్రో ఎల్లాయ్స్ ప్లాంటు సైడింగ్ (ప్లాంటులోకి వేసిన రైలు లైను), అక్కడి షంటింగ్ (వ్యాగన్లని అటూ ఇటూ జరిపే పని) గురించి అడుగుతున్నాను. విశాఖ పోర్టు నుంచి మాంగనీసు ఖనిజం, కోక్ బాక్స్‌ఎన్ రకం వ్యాగన్లలో వస్తాయి. రేకుకి, అంటే ఒక పూర్తి గూడ్సు వరసకి, 58 వ్యాగన్లు. మా లైన్లలో రేకు మొత్తం పట్టదు కాబట్టి సగానికి విడగొట్టి 29 చొప్పున లోపలికి నెడతాం. అన్‌లోడింగ్ లైను మొదట్లో 400కి 1 ఎత్తు (400 మీటర్లకి ఒక మీటరు ఎక్కుడు) ఉంది, ఆ ఎత్తు మీదే 4 డిగ్రీల వంపు కూడా ఉంది.

ఇప్పుడు నడుస్తున్నది డబ్ల్యూడీఎస్‌-6 లోకో, ఆరు సిలిండర్ల ఆల్కో (అమెరికా కంపెనీ డిజైను) ఇంజిను. పని ఆగినా ఇంజిన్ ఆపరు. బ్రేకుల గాలి పడిపోతుందని, బ్యాటరీ లేవదని భయం. పొగ గురించి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అడుగుతున్నారు, డీజిల్ ఖర్చు గురించి యాజమాన్యం అడుగుతోంది. 700 హెచ్‌పీ ఇంజిన్లు రెండో మూడో పెట్టి, పనిని బట్టి ఒక్కొక్కటీ లేచే లోకో తీసుకుందామని ఒక ప్రతిపాదన వచ్చింది. మా బరువుని అది లాగగలదా? పొగ, డీజిల్ నిజంగా తగ్గుతాయా? ఈ ఎండకి, దుమ్ముకి దానిలో ఏది ముందు పాడవుతుంది? తెలిసినవాళ్లు లెక్కలతో చెప్తే మేలు.

బొబ్బిలి జంక్షన్

ముందు లాగుడు సంగతి తేల్చుకోండి. హెచ్‌పీ చూసి షంటింగ్ లోకో కొనేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు.

మీ వ్యాగన్లు 22.9 టన్నుల ఇరుసు బరువు దాకా నింపేవనుకుందాం. ఒక్కోటి 91.6 టన్నులు, 29కి 2,656 టన్నులు. రోలర్ బేరింగ్ వ్యాగన్లని నిలబడ్డ చోటు నుంచి కదిలించడానికి టన్నుకి సుమారు 4 కిలోల లాగుడు కావాలి. 400కి 1 ఎత్తుకి ఇంకో 2.5 కిలోలు. వంపుకి డిగ్రీకి 0.4 చొప్పున 1.6 కిలోలు. మొత్తం 8.1. దాన్ని 2,656తో గుణిస్తే 21.5 టన్నులు, లోకో సొంత బరువుకి ఇంకో టన్ను. అంటే ఎత్తు మీద, వంపులో ఆగిపోయిన కట్‌ని (విడగొట్టిన ఆ 29 వ్యాగన్ల వరసని) మళ్లీ కదిలించాలంటే చక్రాల దగ్గర 22.5 టన్నుల లాగుడు ఉండాలి.

ఆ లాగుడు ఇచ్చేవి లోకో బరువు, ట్రాక్షన్ మోటార్లు (చక్రాలు తిప్పే కరెంటు మోటార్లు). ఇంజిన్ హెచ్‌పీ పాత్ర అక్కడ చాలా తక్కువ. పొడి పట్టా మీద పట్టు (చక్రం జారకుండా లోకో బరువులో ఎంత వంతు లాగగలదో అది) 0.25 అనుకుంటే ఆరు ఇరుసుల 120 టన్నుల లోకోకి 30 టన్నులు వస్తుంది, మీకు చాలు. నాలుగు ఇరుసుల 88 టన్నుల లోకోకి 22 మాత్రమే, అంటే అంచు మీద ఉన్నట్టు. వానాకాలంలో తడి పట్టా మీద పట్టు 0.15కి పడితే ఆరు ఇరుసులదీ 18కి దిగుతుంది, అప్పుడు ఇసుక వెయ్యకుండా కదలదు. ఇంజిన్లు ఒకటైనా మూడైనా ఈ లెక్క మారదు.

ఇప్పుడు హెచ్‌పీ. కిలోల్లో లాగుడుని గంటకి కిలోమీటర్ల వేగంతో గుణించి 270తో భాగించండి. 22,500 కిలోలతో 2 కి.మీ. వేగంలో కదిలించడానికి చక్రాల దగ్గర 167 హెచ్‌పీ చాలు! కదిలాక టన్నుకి 4 కిలోలున్న నిరోధం 1.5కి దిగుతుంది. అప్పుడు లాగుడు సుమారు 15,600 కిలోలు. 8 కి.మీ. వేగానికి 462 హెచ్‌పీ. మధ్యలో నష్టాలు 20 శాతం తీస్తే ఇంజిన్ దగ్గర 578. కంప్రెసర్, బ్లోయర్లకి ఇంకో 70 వేసుకోండి. 700 హెచ్‌పీ ఇంజిన్ ఒక్కటే ఎత్తు మీద కూడా 8 కి.మీ. వేగం నిలబెట్టగలదు, కాకపోతే చేతిలో మిగులు ఉండదు. 15 కి.మీ. కావాలంటే 1,083 హెచ్‌పీ, దానికి రెండు లేవాలి. మీ సైడింగ్‌కి మూడో ఇంజిన్ దేనికో నాకు కనిపించడం లేదు.

ఒక మెలిక ఉంది. కదిలించేటప్పుడు హెచ్‌పీ తక్కువే గానీ మోటార్లకి ఆంపియర్లు చాలా కావాలి. ఒక్క ఇంజిన్ తాలూకు ఆల్టర్నేటర్ అన్ని ఆంపియర్లు ఇవ్వలేకపోవచ్చు. అందుకని తయారీదారుని "ఒక ఇంజిన్ మీద సున్నా వేగంలో ఎంత లాగుడు, రెండింటి మీద ఎంత" అని విడివిడిగా రాయించుకోండి. మొత్తం లాగుడు అని ఒకే అంకె ఇస్తే తీసుకోవద్దు.

ఈ రకం అమెరికా లోకోల ఫొటోలు చూసి మోసపోకండి. అక్కడి నాలుగు ఇరుసుల లోకోలు ఇరుసుకి 27 టన్నుల పైమాటే. మన లైన్ల మీద ఎక్కువ చోట్ల 22.9 దాటనివ్వరు. అదే యంత్రం మన దగ్గర బరువు తగ్గించుకుని రావాలి, బరువు తగ్గితే పట్టూ తగ్గుతుంది. మీకు ఆరు ఇరుసులే దారి.

డీజిల్ షెడ్ మేస్త్రీ

బొబ్బిలి వారి లెక్క సరిగ్గా ఉంది. నేను మిగతా రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

ఈ లోకో లాభమంతా ఐడిలింగ్ (పని లేకుండా ఇంజిన్ ఊరికే తిరగడం) తగ్గించడంలో ఉంది. షంటింగ్ లోకోల పొగ కొలవడానికి అమెరికా పర్యావరణ సంస్థ ఒక పని పట్టిక వాడుతుంది. అందులో ఐడిలింగ్ 59.8 శాతం, మొదటి నాచ్ (నాచ్ అంటే పవర్ పెంచే మెట్టు, మొత్తం ఎనిమిది) 12.4, రెండో నాచ్ 12.3. ఎనిమిదో నాచ్ 0.8 శాతమే. అంటే షంటింగ్‌లో పెద్ద ఇంజిన్ ఐదింట నాలుగు వంతుల సమయం ఊరికే తిరుగుతూనో, కాస్త బరువు మోస్తూనో ఉంటుంది. ఆ స్థితిలో సిలిండర్ వేడెక్కదు, డీజిల్ పూర్తిగా మండదు, చిమ్నీ నుంచి ఆయిల్ చుక్కలు కక్కుతుంది. ఆ తర్వాత నాచ్ ఎక్కించగానే మీ ఊళ్లో జనం చూసే నల్ల పొగ వస్తుంది. టర్బో (సిలిండర్లలోకి గాలి నెట్టే పంఖా) ఇంకా వేగం అందుకోలేదు, గాలి చాలదు, డీజిల్ మాత్రం ముందే పడిపోయింది.

అదే పని 700 హెచ్‌పీ ఇంజిన్ 60, 70 శాతం బరువు మీద చేస్తే ఎగ్జాస్ట్ వేడిగా ఉంటుంది, శుభ్రంగా మండుతుంది. పని లేనప్పుడు ఆగిపోతుంది. కిటుకంతా ఇదే. ప్రతి ఇంజిన్‌కీ సొంత ఆల్టర్నేటర్, రెక్టిఫయర్, రేడియేటర్ ఉంటాయి. మూడూ ఒకే డీసీ బస్‌లోకి (ఉమ్మడి కరెంటు లైనులోకి) కరెంటు పోస్తాయి. నాచ్ ఎంత పెడితే దాన్ని బట్టి కంట్రోలర్ ఇంజిన్లని లేపుతుంది, ఆపుతుంది. ఎక్కువ గంటలు తిరిగినదాన్ని వెనక్కి నెట్టి తక్కువ తిరిగినదాన్ని ముందు లేపుతుంది, అలా అరుగుదల సమానంగా ఉంటుంది.

యూనియన్ పసిఫిక్ రైల్వే 2005లో మొదటి నమూనా నడిపి, 2007 నాటికి లాస్ ఏంజెలస్ యార్డుల కోసం 60 లోకోలు తెప్పించుకుంది. వాటిలో 700 హెచ్‌పీ కమ్మిన్స్ ఇంజిన్లు మూడు, మొత్తం 2,100. పాత షంటర్లతో పోలిస్తే నైట్రోజన్ ఆక్సైడ్లు 80 శాతం, మసి 90 శాతం దాకా తగ్గుతాయని, డీజిల్ 16 నుంచి 37 శాతం ఆదా అని అప్పట్లో ఆ రైల్వే చెప్పింది. తర్వాతి దశాబ్దంలో అలాంటివాటిని చాలా పక్కన పెట్టేశారు కూడా. రెండో మాట చెప్పకుండా మొదటిది మాత్రం చెప్పేవాళ్లని నమ్మకండి. మన రైల్వే కూడా 800 హెచ్‌పీ కమ్మిన్స్ ఇంజిన్లు మూడు పెట్టి 2,400 హెచ్‌పీతో డబ్ల్యూడీఎమ్‌-2జీ అని చేసింది, కానీ అది పెద్ద సంఖ్యలో రాలేదు.

ఎక్కడ దెబ్బ తింటాయో వినండి. మీ ఆల్కో 1,000 ఆర్‌పీఎమ్ ఇంజిను, బండరాయిలాంటిది. ఇవి 1,800 తిరుగుతాయి. సంప్ (ఆయిల్ తొట్టి) చిన్నది, ఆయిల్ 250 గంటలకి మార్చాలి. ఆల్కోకి అలవాటైన మనిషి "ఆయిల్ బాగానే ఉంది, టాప్ అప్ చేద్దాం" అంటే బేరింగులు పోతాయి. మార్చిన ప్రతిసారీ నమూనా పరీక్షకి పంపండి. మీ ప్లాంటులో సిలికాన్ అంకె మీద ప్రత్యేకంగా కన్ను ఉంచండి. అది పెరిగిందంటే మీ ఫర్నేసు దుమ్ము ఎయిర్ ఫిల్టర్ దాటి లోపలికి పోతోందని అర్థం. ఫిల్టర్‌కి ముందు సైక్లోన్ రకం ప్రీక్లీనర్ పెట్టించి, గాలి తీసుకునే నోరు పైకప్పు ఎత్తులో ఉంచండి. ఫిల్టర్ నిరోధం 635 మి.మీ. నీటి మట్టం దాటకముందే మార్చాలి. కంప్రెసర్ గాలితో ఊది మళ్లీ పెట్టే అలవాటు ఈ ఇంజిన్ల దగ్గర పనికిరాదు. కాగితం చిరిగినా కంటికి కనిపించదు.

స్టార్టింగ్ రెండో బలహీనత. ఆల్కోని వారానికి ఒకసారి క్రాంక్ (స్టార్టు) చేస్తారు, దీన్ని షిఫ్టుకి పది పదిహేనుసార్లు. స్టార్టర్ మోటారు, రింగ్ గేర్, 24 వోల్టుల బ్యాటరీలు అరిగే సామాన్లయిపోతాయి. క్రాంకింగ్‌లో వోల్టేజి మరీ కిందకి పడితే ఇంజిన్ కంప్యూటర్ రీసెట్ అయి, లేచినట్టే లేచి ఆగిపోతుంది. దాన్ని ఇంజెక్టర్ లోపం అనుకుని రెండ్రోజులు వెతుకుతారు. ముందు బ్యాటరీ లగ్గులు, ఎర్త్ కేబులు బిగువు చూడండి. ఆగేముందు 3 నుంచి 5 నిమిషాలు చల్లారనివ్వాలి. బరువు మీద ఉన్నదాన్ని టక్కున ఆపితే టర్బో బేరింగులో ఆయిల్ మాడి గట్టిపడుతుంది. ఆటో స్టాప్ టైమర్‌లో ఈ చల్లార్పు సమయం కలిసి ఉందో లేదో అడగండి.

డీజిల్. ఆల్కో పంపులు కాస్త చెత్తని ఓర్చుకుంటాయి, ఈ కొత్త ఇంజిన్ల కామన్ రైల్ (ఎక్కువ ప్రెషర్ మీద డీజిల్ చిమ్మే) ఇంజెక్టర్లు ఓర్చుకోవు. వర్షాకాలంలో నిల్వ ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి. ట్యాంకు నుంచి రోజూ, లోకో వాటర్ సెపరేటర్ నుంచి ప్రతి షిఫ్టూ నీళ్లు వదలాలి. డ్రమ్ములో గొట్టం పెట్టి పోసే పద్ధతి మానేయాలి.

శుద్ధి పరికరాలున్న కొత్త ఇంజిన్ ఇస్తామంటే మసి ఫిల్టర్ ఎంత వేడికి తనంతట తాను శుభ్రమవుతుందో అడగండి. తక్కువ బరువు మీద ఎగ్జాస్ట్ అంత వేడెక్కదు, ఫిల్టర్ మూసుకుపోతుంది. పొగ శుద్ధికి యూరియా ద్రావణం వాడేదైతే దాని నిల్వ నీడలో ఉండాలి. 30 డిగ్రీల లోపు ఏడాది నిలిచేది 35 డిగ్రీల దగ్గర ఆరు నెలలే నిలుస్తుంది. మన రేకుల షెడ్లలో మే నెలలో ఎంతుంటుందో మీకు తెలుసు.

నౌపడ లైన్

మేస్త్రీ గారు చెప్పినవాటికి ఉప్పుగాలి కలపండి. తీరం వైపు పని చేసే లోకోల్లో రేడియేటర్ అల్యూమినియం రెక్కలు, సెన్సర్ ప్లగ్గులు ముందు పోతాయి. మూడు ఇంజిన్లంటే మూడు రెట్లు సెన్సర్లు, మూడు రెట్లు ప్లగ్గులు. రాగి రేడియేటర్ అడగండి, ప్లగ్గులకి డైఎలెక్ట్రిక్ గ్రీజు పట్టించండి. కూలెంట్‌లో తుప్పు నిరోధకం తప్పనిసరి, బోరు నీళ్లు పొయ్యనే కూడదు.

నా అసలు మాట వేరు. కొత్త లోకో కొనేముందు ఉన్న లోకోకే ఏపీయూ పెట్టడం ఆలోచించండి. ఏపీయూ అంటే ఒక చిన్న డీజిల్ ఇంజిను, బ్యాటరీ చార్జింగ్, ఎయిర్ కంప్రెసర్ పని అది చూసుకుంటుంది. లోకో పది నిమిషాలు ఊరికే ఉంటే పెద్ద ఇంజిన్ తనంతట ఆగిపోతుంది. పెద్ద లోకో ఐడిలింగ్‌లో గంటకి సుమారు 25 లీటర్లు తాగితే ఏపీయూకి 3 లీటర్లు చాలని రైల్వే లెక్క. మీది ఆరు సిలిండర్లది కాబట్టి ఐడిలింగ్ ఖర్చు 25 కన్నా తక్కువే ఉంటుంది, అయినా తేడా పెద్దదే. మీ భయాలు రెండూ, గాలి, బ్యాటరీ, దీనితో తీరిపోతాయి. నాచ్ ఎక్కించినప్పటి పొగ మాత్రం తీరదు. దానికి ఇంజెక్టర్లు, టర్బో సరిచేయించాలి.

చీపురుపల్లి సైడింగ్

ముగ్గురికీ ధన్యవాదాలండి. రెండు సందేహాలు మిగిలాయి. ఎత్తు మీద ఉండగా ఒక ఇంజిన్ నుంచి రెండుకి మారేటప్పుడు ఆలస్యం ఉంటుందా? ఇంజిన్లన్నీ ఆగి ఉన్నప్పుడు గాలి సంగతి ఏమిటి?

బొబ్బిలి జంక్షన్

ఆలస్యం ఉంటుంది. రెండో ఇంజిన్ క్రాంక్ అయి, ఆయిల్ ప్రెషర్ వచ్చి, వేగం అందుకుని, బస్‌లోకి కరెంటు ఇచ్చేసరికి అర నిమిషం దాకా పట్టొచ్చు. ఆ అర నిమిషంలో ఎత్తు మీద కట్ నిలిచిపోతుంది. లోకో పైలట్ కంగారుపడి నాచ్ ఇంకా పెంచుతాడు. రెండో ఇంజిన్ ఒక్కసారిగా అందుకోగానే చక్రం జారుతుంది, లేదా కప్లర్ గుంజుతుంది. పాతకాలపు పైలట్లు ఈ లోకోల్ని ఇష్టపడకపోవడానికి ఇదే ముఖ్య కారణం, వాళ్లని తప్పుపట్టలేం. క్యాబిన్‌లో "అన్ని ఇంజిన్లూ సిద్ధం" అనే స్విచ్ ఉండాలి. కట్‌కి తగులుకోకముందే అది వేసి, రెండూ లేచాయని గేజీలో చూసి, అప్పుడు బ్రేకు వదలాలి. ఖాళీ వ్యాగన్లు లాగేటప్పుడు, లోకో ఒక్కటే తిరిగేటప్పుడు ఆటోలో ఉంచుకోవచ్చు.

డీజిల్ షెడ్ మేస్త్రీ

గాలి సంగతి నేను చెప్తాను. మీ ఆల్కోలో కంప్రెసర్ ఇంజిన్ షాఫ్టుకే తగిలించి ఉంటుంది. వీటిలో కంప్రెసర్‌కి వేరే మోటారు కావాలి, దానికి కరెంటు ఏదో ఒక ఇంజిన్ నుంచి రావాలి. వ్యాగన్‌కి బ్రేకు గాలి నిలవుండే 100 లీటర్ల ఆక్సిలరీ రిజర్వాయరు, 6 లీటర్ల కంట్రోల్ రిజర్వాయరు, బ్రేక్ పైపులో ఇంకో 8, 9 లీటర్లు. 29 వ్యాగన్లకి దాదాపు 3,300 లీటర్ల చోటు. దాన్ని 5 కిలోల ప్రెషర్‌కి నింపాలంటే 16,500 లీటర్ల మామూలు గాలి. నిమిషానికి 4,000 లీటర్ల కంప్రెసర్ అయితే కాగితం మీద నాలుగు నిమిషాల పైన. లీకులు, చోకులు కలిపితే ఇంకా ఎక్కువ. చిన్న కంప్రెసర్ పెట్టి ధర తగ్గించిన లోకో తీసుకుంటే కట్ చార్జ్ అయ్యేదాకా ఇంజిన్ ఊరికే తిరుగుతుంది. ఐడిలింగ్ తగ్గించడానికి కొన్నదాంట్లో మళ్లీ ఐడిలింగే.

లోకో మెయిన్ రిజర్వాయర్ (ప్రధాన గాలి ట్యాంకు) 8 కిలోల దగ్గరికి దిగగానే ఒక ఇంజిన్ తనంతట లేవాలి. ఇక్కడ ఒక ప్రాణాపాయం ఉంది. నిశ్శబ్దంగా ఉన్న ఇంజిన్ దగ్గర ఫిట్టర్ చెయ్యి పెట్టి ఉండగా గాలి తగ్గి అది లేచిందంటే బెల్టులో చెయ్యి పోతుంది. తలుపు తెరిస్తే స్టార్ట్ ఆగిపోయే స్విచ్, లేవడానికి ముందు పది సెకన్లు మోగే బజర్, ప్రతి ఇంజిన్‌కీ తాళం పడే బ్యాటరీ ఐసోలేటర్ అడగండి. పనికి దిగినవాడి జేబులోనే ఆ తాళంచెవి ఉండాలి. అలాగే ఇంజిన్లు ఆగి ఉన్నంతసేపూ లోకోకి హ్యాండ్ బ్రేకు వెయ్యాలి, ఎత్తు మీద వ్యాగన్లకి హ్యాండ్ బ్రేకులతో పాటు చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టాలి. గాలి బ్రేకుని నమ్మి వదిలెయ్యకూడదు.

వీటికి ఉన్న నిజమైన సుఖం ఒకటి చెప్పాలి. ఇంజిను, ఆల్టర్నేటరు ఒకే ఫ్రేము మీద ఉంటాయి. పైకప్పు తీసి, డీజిల్, కూలెంట్ గొట్టాలు, డీసీ కేబుళ్లు, కంట్రోల్ ప్లగ్గు విప్పితే 10 టన్నుల క్రేనుతో మొత్తం పైకి లేస్తుంది. ఆల్కోలో పిస్టన్ పోతే లోకో వారాల తరబడి షెడ్లోనే. ఇక్కడ స్పేర్ సెట్ ఉంటే ఒక షిఫ్టులో మళ్లీ పట్టా మీదికి వస్తుంది, పాడైంది ఊళ్లో జెనరేటర్ మెకానిక్ కూడా బాగుచేయగలడు. అందుకే కొనే ఒప్పందంలో స్పేర్ సెట్‌ని కలిపి అడగండి. అది లేకపోతే ఈ లోకో సగం విలువ పోయినట్టే.

నౌపడ లైన్

నిర్ణయానికి ముందు రెండు కొలతలు తీసుకోండి. ట్యాంకు డిప్‌స్టిక్ చూసి, నాలుగు గంటలు ఐడిలింగ్‌లో ఉంచి, మళ్లీ చూడండి. గంటకి ఎన్ని లీటర్లో తేలుతుంది. చదునైన లైను మీదే కొలవాలి, ఏటవాలుగా నిలబెడితే స్టిక్ అబద్ధం చెప్తుంది. తర్వాత రెండు వారాలు ప్రతి షిఫ్టులో ఏ నాచ్‌లో ఎన్ని నిమిషాలో పైలట్ చేత రాయించండి, లేదా నాచ్ స్విచ్‌కి ఒక చిన్న డేటా లాగర్ తగిలించండి. ఐడిలింగ్ 60 శాతం దాటి, నాలుగో నాచ్ పైన పని అరుదుగా ఉంటే ముందు ఏపీయూ, ఇంజెక్టర్ల పని చేయించండి. పొగ ఫిర్యాదు అప్పటికీ ఆగకపోతే ఆరు ఇరుసుల మీద రెండు ఇంజిన్ల లోకో అడగండి. కొత్త లోకో మీ గేటు దాటి రైల్వే యార్డులోకి వెళ్లాల్సి ఉంటే, ఆర్డర్ ఇవ్వకముందే డివిజన్ మెకానికల్ వాళ్లకి ఇరుసు బరువు, బ్రేకు డ్రాయింగులు చూపించి రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

చీపురుపల్లి సైడింగ్

సోమవారం నుంచి నాచ్ పుస్తకం మొదలుపెడతాం. డిప్‌స్టిక్ కొలత రేపు రెండో లైను మీద తీస్తాం, అది చదునుగా ఉంది. రెండు వారాల అంకెలు వచ్చాక ఇక్కడే పెడతాను.

బొబ్బిలి జంక్షన్

వాటితో పాటు ఎత్తు మీద కట్ ఎన్నిసార్లు ఆగిందో, ఇసుక ఎప్పుడు వాడారో కూడా రాయించండి. రెండో లైను, వంపు లైను విడివిడిగా రాస్తే ఇంకా మంచిది.